హిందూమహాసముద్ర ద్వీపముల బుట్టబంతి పోటీ



నేడు నేను తమకు చెప్పబూనినది ఒక ఆటను గూర్చి. ఆటలు పిల్లల వ్యవహారమనియు, పెద్దలు చెవియొగ్గి వినదగినది అందేమున్నదనియు తమలో కొందరికి తోచవచ్చును. కాని ఊరికిని ఊరికిని నడుమ జరుగు పందెము ఒకప్పుడు స్నేహమును, ఒకప్పుడు కొట్లాటను తెచ్చుట తాము చూచియే యుందురు. ఆ రెంటిలో ఏది రావలెనో నిర్ణయించువారు బరిలోనున్న కుర్రవారు కారు. చుట్టును నిలిచిన పెద్దలు. ఈ మాట ఊళ్ల విషయమున నిజమైనట్లే దేశముల విషయమునను నిజము. దానికి నిదర్శనముగా మన దేశమునకు నైరృతి దిక్కున, హిందూమహాసముద్రములోనున్న కొన్ని ద్వీపముల కథను చెప్పెదను.

ఆ ద్వీపప్రాంతములు ఏడు. అన్నిటికంటె పెద్దది మడగాస్కర్. దాని వైశాల్యము 5 లక్షల 87 వేల చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య దాదాపు మూడు కోట్లు. దానికి తూర్పున రీయూనియన్, మారిషస్ అను రెండు దీవులు కలవు. వాయవ్యమున కొమోరోస్ దీవులు, వాని ప్రక్కనే మయోట్ కలవు. ఉత్తరముగా పోయినచో నూటపదునైదు దీవుల గుంపైన సెషెల్స్ వచ్చును. ఇంకను ఈశాన్యముగా, మన దేశమునకు చేరువలో, వేయికి మించిన చిన్న చిన్న పగడపు దిబ్బలతో మాల్దీవులున్నవి. సెషెల్స్ దేశపు జనమంతయు కలిసి లక్షకు కొంచెము పైన. మన జిల్లాలలోని ఒక నడితరపు పట్టణములో అంతమంది యుందురు. మారిషస్ జనము పండ్రెండు లక్షలకు పైగా నున్నది. మారిషస్ నుండి మాల్దీవులకు మూడువేల కిలోమీటర్లకు మించిన సముద్రము. వీరందరు ఇరుగుపొరుగువారే, కాని వీరి పొలిమేర గట్టు కాదు, గళ్ల దారి కాదు, కడలి.

ఈ దీవులతో మనకు సంబంధము లేకపోలేదు. 1834 మొదలుకొని తెల్లదొరల చెరకుతోటలలో పనిచేయుటకు ఒడంబడిక కూలీలుగా మన దేశపు జనము మారిషస్ దీవికి పోవ నారంభించిరి. అందులో గోదావరీముఖమున నున్న కొరంగి రేవునుండి ఓడలెక్కిన తెలుగువారును ఉండిరి. ఆ కొరంగి రేవు 1839 తుపానులో పాడైనది. కాని దాని పేరు సముద్రమవతల నిలిచినది. మారిషస్‌లో తెలుగువారిని కొరంగీలని పిలుచుట వాడుక యైనది. వారి సంతతివారు నేటికిని ఉగాది చేసికొనుచున్నారు. ఆ దినము అచ్చట ప్రభుత్వపు సెలవు. మూడవ ప్రపంచ తెలుగు మహాసభ 1990 లో ఆ దేశముననే జరిగినది. పోర్ట్ లూయీ రేవులో కూలీలు దిగి ఎక్కిన పదునారు రాతిమెట్లు నేడును ఉన్నవి. అప్రవాసి ఘాట్ అని పేరుగల ఆ చోటును ఐక్యరాజ్యసమితి విద్యాసాంస్కృతిక సంస్థ 2006 లో ప్రపంచ వారసత్వస్థలముగా నెన్నుకొన్నది. కావున నేను చెప్పబోవు మైదానములో మన దాయాదుల దేశమును ఒక పక్షమున నున్నదని తాము తలచిన తప్పులేదు.

ఈ ద్వీపములవారు తమలో తాము కొన్ని యేండ్లకొకమారు కూడి అనేక క్రీడలలో పోటీపడుట 1979 లో మొదలిడిరి. తొలి క్రీడలు రీయూనియన్‌లో జరిగినవి. పిమ్మట 1985 లో మారిషస్, 1990 లో మడగాస్కర్, 1993 లో సెషెల్స్ వానిని జరిపినవి. ఆపైని 1998 నుండి వరుస చక్కబడినది. నాలుగైదేండ్లకొకమారు ఒక్కొక్క దీవి ఆతిథ్యమిచ్చుచు, 2003 లోను 2019 లోను మారిషస్, 2007 లోను 2023 లోను మడగాస్కర్, 2011 లో సెషెల్స్, 2015 లో రీయూనియన్ తక్కినవారిని పిలిచి పందెములు నడపినవి. పరుగు, ఈత, కుస్తీ, కాలిబంతి మొదలగు అనేక పోటీలు అందు జరుగును. నేను విశేషించి చెప్పదలచినది బుట్టబంతి, అనగా బాస్కెట్ బాల్. పురుషులును స్త్రీలును వేరువేరుగా ఈ పోటీలో ఆడుదురు.

ముప్పది యేండ్లకు మించి పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడనుగా నుండి ఈ ఆటను పిల్లలకు నేర్పితిని గనుక దీని పుట్టుకను కొంచెము వివరింతును. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ అను పట్టణమున 1891 డిసెంబరులో జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు దీనిని కల్పించెను. చలికాలము, బయట మంచు. గదిలో ఆడుకొనుటకు విద్యార్థులకు ఏదైన ఆట కావలెను. బయటి ఆటలను గదిలోనికి తెచ్చినచో ఒకరినొకరు త్రోసికొని, పడి, దెబ్బలు తినుచుండిరి. నైస్మిత్ ఆలోచించెను. కొట్లాటకు మూలమేమి? బంతిని పట్టుకొని పరుగెత్తుట. పరుగెత్తువానిని అడ్డగించి పడవేయుట. కావున బంతితో పరుగెత్తరాదని నియమము పెట్టెను. గురి నేలమీద నున్నచో బలముకొలది విసరుదురు, దారిలో నున్నవారికి తగులును. కావున గురిని తలమీదికెత్తెను. పీచుపండ్ల బుట్టలు రెండు తెప్పించి, గది రెండు కొనలందు పది అడుగుల యెత్తున మేకులతో కొట్టించెను. ఎత్తుననున్న బుట్టలో పడవలెనన్న బంతిని మెత్తగా, వంపుగా విసరవలెను. అచ్చట మోటుబలము పనికిరాదు. పదమూడు నియమములు వ్రాసి గోడకంటించెను. పదునెనిమిదిమంది విద్యార్థులు చెరి తొమ్మండ్రుగా ఆడిరి. ఆ మొదటి ఆటలో పడిన బంతి ఒక్కటే.

ఆ ఎత్తు నేటికిని మారలేదు. పది అడుగులనగా మూడు మీటర్ల అయిదు సెంటిమీటర్లు. బుట్టకు బదులు ఇనుప కడియమును, దానికి వ్రేలాడు వలయును వచ్చినవి. ఇప్పుడు పక్షమునకు ఐదుగురు. బరి ఇరువదియెనిమిది మీటర్ల పొడవు, పదునైదు మీటర్ల వెడల్పు. పది నిమిషముల వంతులు నాలుగు. దగ్గరనుండి వేసిన బంతికి రెండు గుణములు. 6 మీటర్ల 75 సెంటిమీటర్ల గీతకు వెలుపలినుండి వేసినదానికి మూడు. ఎదుటివానిని త్రోసినను, కొట్టినను తప్పు. ఐదు తప్పులు చేసినవాడు ఆటనుండి తొలగిపోవలెను. మరియొక విశేషము. ఇందు సరిసమానమను మాట లేదు. నలుబది నిమిషములు ముగిసినప్పుడు లెక్క సమమైనచో ఇంకను ఐదు నిమిషములు, అప్పటికిని తేలనిచో మరి యైదు నిమిషములు ఆడింతురు. ఎవడో ఒకడు ఓడియే ఇంటికి పోవలెను. ఈ మాటను జ్ఞాపకముంచుకొనవలెను. మరల దానికి వత్తును.

మన దక్షిణదేశమునకు ఈ ఆట క్రైస్తవ యువజన సంఘముద్వారా వచ్చినది. ఆ సంఘమువారి పక్షమున హారీ క్రో బక్ అను నతడు 1920 లో మదరాసులో వ్యాయామ కళాశాలను స్థాపించెను. అప్పటి ఆంధ్రజిల్లాల వ్యాయామోపాధ్యాయులు పలువురు అచ్చట నేర్చినవారే. ఇక మడగాస్కర్ దేశమున ఈ ఆటకు మిక్కిలి ఆదరణ కలదు. 2009 లో ఆఫ్రికాఖండపు స్త్రీల పోటీయు, 2011 లో పురుషుల పోటీయు ఆ దేశపు రాజధానియైన అంటనానరివోలోనే జరిగినవి.

ఇప్పుడు ఒక సందేహము కలుగవచ్చును. మూడు కోట్ల జనముగల దేశము ఒక ప్రక్క, లక్షజనముగల దేశము ఒక ప్రక్క నిలిచినచో అది పోటీ యెట్లగును? ఏనుగునకు దూడకును పందెమా? న్యాయమైన ప్రశ్నయే. కాని బరిలో ఒక పక్షమున నిలుచువారు ఐదుగురే. మూడు కోట్లలోనుండి వచ్చినవారును ఐదుగురే, లక్షలోనుండి వచ్చినవారును ఐదుగురే. ఎంచుకొనుటకు పెద్ద దేశమునకు జనము మెండుగా నున్నమాట నిజము. అందువలన దాని బలము అధికమే. అయినను ఐదుగురు పిల్లలను చిన్నతనము నుండి యొక్కచోట కూర్చి, ఒకరి కదలిక ఒకరికి తెలియునట్లు తీర్చిదిద్దుట చిన్న దేశమునకు సాధ్యము కానిది కాదు. పొట్టివాడు దూరపు గీతవెలుపల నిలిచి గురి నేర్చినచో వాని ఒక్క వేటు పొడగరి వేటుకంటె విలువైనది. చిన్నవానికి మర్యాదగల తావు దొరకుట ఈ ఆటలోని గొప్ప. ఏడు దీవులకును ఒక్కొక్క బల్ల, ఒక్కొక్క పతాక, ఒకే కొలత బరి. లోకవ్యవహారములందు చిన్న దీవికి ఈ సమానత ఎక్కడ లభించును?

మైదానమును గట్టుకొనుటవలన చిన్న దేశమునకు కలుగు లాభము మరియొకటి కలదు. పదిదినముల పండుగకై కట్టిన ఆటశాల పండుగ ముగిసినతోడనే కూలిపోదు, బడిపిల్లలకు మిగులును. తమ ఇంటనే క్రీడలు జరిగిన 2019 లో మారిషస్ పతకముల పట్టికలో ప్రథమస్థానము నందినది. ఇంటివాని కేకలును, తెలిసిన నేలయు అందుకు తోడ్పడియుండును. అయినను ఏండ్లతరబడి చేసిన కృషి లేక కేకలవలన మాత్రమే పతకములు రావు.

ఇక చేదు సంగతి చెప్పవలెను. ఆటలన్నియు స్నేహమే తెచ్చునని చెప్పినచో తాము నమ్మరు, నమ్మకూడదు కూడ.

కొమోరోస్ దీవులు నాలుగును పూర్వము ఫ్రెంచివారి పాలనలో నుండెను. 1974 లో ప్రజల అభిప్రాయమడిగినప్పుడు మూడు దీవులవారు స్వాతంత్ర్యము కోరిరి. నాలుగవదియైన మయోట్ దీవిలో ఎక్కువమంది ఫ్రెంచివారితోనే యుందుమనిరి. 1975 లో కొమోరోస్ స్వతంత్రమైనది. మయోట్ ఫ్రెంచివారితో నిలిచి, 2011 లో ఆ దేశపు జిల్లాలలో ఒకటియైనది. మయోట్ తమదేయని కొమోరోస్ ప్రభుత్వము నేటికిని వాదించుచున్నది. ఆంజువాన్ దీవికిని మయోట్‌కును నడుమ సముద్రము డెబ్బది కిలోమీటర్లే. ఇటు చుట్టములు, అటు చుట్టములు. పనికై, వైద్యమునకై చిన్న పడవలలో రహస్యముగా దాటబోయి ఎందరో మునిగి చనిపోయిరి. ఇది అన్నదమ్ముల పంపకపు తగవువంటిది. కాని పోయినవి ప్రాణములు.

ఇట్టి రెండు జట్లు ఒకే మైదానమునకు రావలెను. 2015 లో రీయూనియన్ క్రీడల ప్రారంభోత్సవమున మయోట్‌వారు ఫ్రెంచి పతాకముతో ఊరేగుటను ఆక్షేపించి కొమోరోస్ జట్టు మొత్తము క్రీడలను విడిచి వెడలిపోయినది. తాము ఆలోచింపుడు. నాలుగేండ్లు తెల్లవారకముందే లేచి అభ్యాసము చేసిన బాలుడు, బాలిక సముద్రము దాటి వచ్చి, ఒక్క బంతియైనను ముట్టక ఇంటికి మరలిరి. గుడ్డముక్కకై ఇంత పంతమేల అని మనము సులభముగా అనవచ్చును. కాని జెండా గుడ్డముక్క కాదని మనకు తెలియదా? మన పెద్దలు దానికై దెబ్బలు తినలేదా? కొమోరోస్‌వారి బాధ బాధయే. మయోట్‌వారును తమ కోరికచొప్పున తామెంచుకొన్న పక్షమున నున్నామని చెప్పుదురు. తీర్పు చెప్పుట నా పని కాదు. పెద్దల తగవునకు మూల్యము చెల్లించినవారు పిల్లలని మాత్రము చెప్పుచున్నాను.

దీనిని వినినప్పుడెల్ల నాకు మా ప్రాంతమున జరిగిన యొక సంగతి తలపునకు వచ్చును. రెండు ఊళ్ల నడుమ చెరువునీటి తగవు మూడేండ్లుగా నడచుచుండెను. సంక్రాంతికి చెడుగుడు పందెము పెట్టిరి. ఒక ఊరివారు, నీరీయనివారితో ఆటయేమని కుర్రవారిని వెనుకకు పిలిచిరి. రెండవ ఊరిలో ఒక వృద్ధుడుండెను. ఆయన తానే పొరుగూరికి నడచిపోయి, రచ్చబండపై కూర్చుండి, “తగవు మనది, ఆట వారిది. తగవును కచ్చేరిలో చూచుకొందము, ఆటను బరిలో చూతము” అనెను. ఆ సాయంకాలము ఆట జరిగినది. నీటి తగవు ఆ ఆటతో తీరినదని నేను చెప్పను. తీరుటకు మరి రెండేండ్లు పట్టినది. కాని ఆ రెండేండ్లలో ఒక ఊరివారు మరియొక ఊరి పెండ్లికి పోవుట మానలేదు. దారి తెరచియుండెను. అంతియే ఆట చేయగలిగినది. అది తక్కువ పని కాదు.

కొమోరోస్‌వారును దారి మూసికొనలేదు. 2019 లో మారిషస్‌కు వచ్చిరి. 2023 లో మడగాస్కర్‌కు వచ్చిరి. అంతియే కాదు, 2027 నాటి క్రీడలను కొమోరోస్ దీవులలోనే జరుపవలెనని నిర్ణయమైనది. అలిగి పోయినవాడే రేపు పందిరివేసి అందరిని భోజనమునకు పిలుచువాడగుట! జెండా తగవు తీరలేదు. తీరకయే పిలుపు జరిగినది. ఇంటికి పిలిచినవాడు అతిథిని ఎట్లు చూడవలెనో, అతిథి ఆ యింట ఎట్లు మెలగవలెనో ఆ రెండు పక్షములవారును ఆలోచించుకొనక తప్పదు.

ఇంకొక విచారకరమైన సంగతి చెప్పి ముగింపునకు వత్తును. 2023 ఆగస్టు 25 వ తేదీన అంటనానరివోలోని మహమసీన మైదానమున క్రీడల ప్రారంభోత్సవమును చూచుటకు జనము విరగబడి వచ్చిరి. ద్వారముకడ త్రొక్కిసలాటయై పండ్రెండుమందికి తక్కువ కాకుండ చనిపోయిరి. ఎనుబదిమంది దాక గాయపడిరి. పండుగకని ఇల్లు వెడలినవారు తిరిగి రాలేదు. ఇది దూరదేశపు వార్త యని మనము తీసివేయరాదు. మన తిరునాళ్లలో, పుష్కరములలో ఇట్టివి జరుగలేదా? జనము కూడుచోట లోనికి పోవు దారి వేరు, బయటికి వచ్చు దారి వేరు ఉండవలెను. ఇరుకు ద్వారమున ముందున్నవాడు పడినది వెనుకనున్నవానికి తెలియదు. వాడు త్రోయుచునే యుండును. ఊరిలో చిన్న పందెము పెట్టినను ఈ జాగ్రత్త పెద్దల బాధ్యత.

మన ఊళ్లలో ఈ ఆటను పెట్టుట కష్టము కాదు. ఇటీవల ముగ్గురేసి ఆడు విధమొకటి లోకమంతట వ్యాపించినది; 2021 లో జరిగిన టోక్యో ఒలింపిక్ క్రీడలలోను దానికి చోటిచ్చిరి. దానికి సగము బరి చాలును, ఒక్క కడియము చాలును. పక్షమునకు ముగ్గురు ఆడువారు, ఒకడు మారుగా నుండువాడు. పది నిమిషములు, లేక, ముందుగా ఇరువదియొక్క గుణములు తెచ్చినవారిదే గెలుపు. ఒక గట్టి స్తంభము, ఒక పలక, పది అడుగుల యెత్తున ఒక కడియము, చదునుచేసిన నేల, ఒక బంతి. ఆడపిల్లలకును అదే బరి. ముగ్గురేసి ఆడు ఈ విధమున వారి బంతియు పురుషుల బంతియు ఒకటే. ద్వీపములవారు తమ కొమార్తెలను సముద్రము దాటించి పంపుచుండగా, మనము మన పిల్లలను బడి వాకిటికి పంపుటకు వెనుదీయనేల?

పందెము పెట్టినప్పుడు మాత్రము మూడు సంగతులు ముందుగా రెండు ఊళ్ల పెద్దలును కూర్చుండి తేల్చుకొనవలెను. తీర్పరి ఎవరు, ఆయన మాటకు ఎదురుచెప్పరాదని అందరు ఒప్పుకొనుట మొదటిది. ఏ జెండా, ఏ పేరు, ఏ నినాదము అనునది ఆటనాడు గాక అంతకుముందే నిర్ణయించుకొనుట రెండవది. ఓడినవారికి గెలిచినవారి యూరిలో భోజనము పెట్టుట మూడవది. ఈ ఆటలో ఎవరో ఒకరు ఓడకతప్పదని మున్ను చెప్పితిని గదా. గెలుపును మోయుటకు ఎవరి సాయమును అక్కరలేదు. ఓటమిని మోసికొని ఇంటికి నడచు కుర్రవానికే పెద్దవాని చేయి కావలెను.

నైస్మిత్ పండితుడు బుట్టను తలపైకెత్తినది పిల్లలు ఒకరినొకరు కొట్టుకొనకుండుటకు. ఏడు దీవులవారు ఏండ్ల తరబడి ఆ బుట్టక్రింద కూడుచున్నారు. కొన్నిమార్లు అలిగిరి, కొన్నిమార్లు ఏడ్చిరి, మరల కూడిరి. 2027 లో కొమోరోస్ క్రీడల వార్త పత్రికలో కనబడినప్పుడు, మయోట్‌వారును కొమోరోస్‌వారును బరిలో ఎదురుపడిరా లేదా అని తాము ఒక్కమారు చూడవలెనని నా ప్రార్థన. ఎవరు గెలిచిరను మాట పిమ్మట చూడవచ్చును.